పగడాల తొట్టిలో ఇసుక: చవకదంటే అనుమానం ఎందుకు, పాతదంటే ధీమా ఎందుకు

క్లుప్తంగా: పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియానికి అరగొనైట్ అనే సున్నపు ఖనిజపు ఇసుకే కావాలనడానికి ఎక్కువగా చెప్పే కారణం అది పీహెచ్‌ను, అంటే నీటి ఆమ్ల-క్షార స్థాయిని, నిలబెడుతుందన్నది. మామూలు తొట్టి నీటిలో ఆ ప్రభావం చాలా స్వల్పం. శుభ్రమైన సిలికా ఇసుక మీద ఉన్న భయాలు అతిశయం. దాని అసలు లోపాలు వేరే ఉన్నాయి. పాత ఇసుకను తిరిగి వాడటం మాత్రం కనిపించినంత తేలిక కాదు. మురికి కడిగితే పోతుంది కానీ రేణువులు పట్టుకున్న ఫాస్ఫేట్, రాగి కడిగినంత మాత్రాన పోవు.

కొత్తగా ఉప్పునీటి తొట్టి పెట్టేవారి ఖర్చుల పట్టికలో ఇసుక చివరి వరుసలో ఉంటుంది. దీపాలు, పంపులు, వడపోత పరికరాలు, ఉప్పు అన్నీ లెక్కకు వచ్చాక దాని సంగతి గుర్తొస్తుంది. తీరా తూకం వేస్తే అది చిన్న వస్తువేమీ కాదు. అడుగు 120 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు ఉన్న తొట్టిలో 4 సెం.మీ. మందాన పరవడానికి 24 లీటర్ల ఇసుక పడుతుంది. లీటరు పొడి ఇసుక సుమారు కిలోన్నర తూగుతుంది కనుక మొత్తం 36 కిలోలు. చిన్న సంచుల్లో అమ్మే అక్వేరియం ఇసుకను అంత బరువు కొనాల్సి వచ్చినప్పుడే రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. వేరే అవసరాలకు అమ్మే చవక ఇసుక వాడవచ్చా? ఎవరో తీసేస్తున్న తొట్టిలోని ఇసుకను కడిగి వాడవచ్చా?

సాధారణంగా మొదటి ప్రశ్నకు జంకుతూ, రెండోదానికి ధీమాగా జవాబు చెబుతుంటారు. రసాయన శాస్త్రం ప్రకారం చూస్తే జంకవలసింది రెండో చోట.

ధర ఎక్కడ పెరుగుతుంది

అరగొనైట్ కాల్షియం కార్బొనేట్ స్ఫటిక రూపాల్లో ఒకటి. కాల్సైట్ దాని సోదర ఖనిజం. సున్నపురాయిలో, పాలరాయిలో ప్రధానంగా ఉండేది అదే. పగడాల అస్థిపంజరం అరగొనైట్‌తోనే తయారవుతుంది. వెచ్చని లోతు తక్కువ సముద్రాల్లో పగడపు ముక్కలు, గవ్వలు, హాలిమెడా అనే సున్నపు నాచు విరిగి పొడై ఈ ఇసుకగా మారతాయి. పారట్ చేపలు పగడపు రాతిని కొరికి, నమిలి, మిగిలిన పొడిని విసర్జిస్తాయి. పెద్ద చేప ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక చేయగలదు. బహమాస్ దీవుల దగ్గర మరో రకం ఉంది. అక్కడ ఒక చిన్న పలుకు చుట్టూ నీటిలోని కార్బొనేట్ పొరలు పొరలుగా పేరుకుని గుండ్రటి పూసల్లాంటి రేణువులు ఏర్పడతాయి. వాటిని ఊయిడ్లు అంటారు.

ఇలాంటి ఇసుక దొరికే తీరాలు కొన్నే కాబట్టి అది దూరం ప్రయాణించాలి. బరువైన సరుకుకు రవాణా ఖర్చు ఎక్కువ. బాక్టీరియా బతికి ఉందంటూ తడిగా అమ్మే సంచుల్లో నీటి బరువు కూడా కొనేవారి లెక్కలోకే వస్తుంది. ఆ బాక్టీరియా వల్ల తొట్టి కొంత ముందుగా సిద్ధం కావచ్చు. అయితే పాత తొట్టిలో ఉండి బాక్టీరియా బాగా పట్టిన ఒక రాతి ముక్క వేసినా, మరో తొట్టిలోంచి దోసెడు ఇసుక తెచ్చినా కొన్ని వారాల్లో పొడి ఇసుకంతటా బాక్టీరియా స్థిరపడుతుంది. తడి సంచికి అదనంగా చెల్లించేది ఆ కొన్ని వారాల కోసమే.

సముద్రపు ఒడ్డు నుంచి తెచ్చుకుంటే సరిపోతుంది కదా అన్నది ఎప్పుడూ వినిపించే సలహా. చాలా దేశాల్లో తీరపు ఇసుక తీయడం నేరం. ప్రపంచంలో ఏటా సుమారు 5,000 కోట్ల టన్నుల ఇసుక, కంకర వాడకంలోకి పోతున్నట్టు ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా వేసింది. తీరాల కోత మీద ఆందోళన పెరగడానికి అది ఒక కారణం. చట్టాన్ని పక్కన పెట్టినా, రేవులకూ మురుగు కాలువలకూ దగ్గరున్న ఒడ్డు ఇసుకలో చమురు, లోహాలు ఉండవచ్చు. ఇక అన్ని తీరాల ఇసుకా కార్బొనేట్ కాదు. నదులు తెచ్చి పోసిన చోట అది ఎక్కువగా క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజమే.

పీహెచ్ నమ్మకం వెనుక లెక్క

అరగొనైట్ నీటిలో కరిగి కాల్షియం, క్షారత (ఆమ్లాన్ని విరిచే శక్తి) అందిస్తుందనీ, అందువల్ల పీహెచ్ పడిపోకుండా ఉంటుందనీ చెబుతారు. కరిగితే అందించేది నిజమే. ఆ కరగడానికి తగిన పరిస్థితి తొట్టిలో ఉందా అన్నదే ప్రశ్న.

పగడాల తొట్టి నీటి పీహెచ్ సాధారణంగా 7.9 నుంచి 8.4 మధ్య ఉంటుంది. కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాములు ఉంచుతారు. ఈ స్థితిలో నీరు అరగొనైట్ విషయంలో అతిసంతృప్తం. అంటే కరిగించుకోగలిగినదానికన్నా ఎక్కువే అందులో ఇప్పటికే ఉంది. అలాంటి నీరు ఇసుకను కరిగించదు. అవకాశం దొరికితే తనలోని కార్బొనేట్‌నే వదిలించుకోజూస్తుంది. హీటర్ల మీద, పంపుల లోపల తెల్లటి గార కట్టేది అందుకే. వెచ్చని సముద్రాల ఒడ్డున గవ్వలు ఏళ్ల తరబడి కరగకుండా పడి ఉండటం కూడా ఇదే సూత్రం.

పోలిక కోసం కాల్షియం రియాక్టర్‌ను, అంటే తొట్టికి కాల్షియం అందించే పరికరాన్ని, చూడవచ్చు. అందులోనూ పగడపు ముక్కలే ఉంటాయి. వాటిని కరిగించడానికి కార్బన్ డయాక్సైడ్ వాయువును ఎక్కించి, లోపలి పీహెచ్‌ను 6.5 దగ్గరికి దించుతారు. అంత దించితే గానీ పనికొచ్చే వేగంతో కరగని పదార్థం, 8.2 పీహెచ్ ఉన్న తొట్టి అడుగున తనంతట తాను కరిగి పగడాలను పోషిస్తుందనుకోవడం కష్టం. ఇసుక పొర లోతుల్లో బాక్టీరియా శ్వాస వల్ల కార్బన్ డయాక్సైడ్ చేరి పీహెచ్ కొంత తగ్గుతుంది, అక్కడ కాస్త కరుగుదల ఉంటుంది. గట్టి పగడాలు నిండిన తొట్టి రోజూ తీసుకునే కాల్షియం ముందు అది లెక్కలోకి రాదు.

అరగొనైట్‌కు అసలు సుగుణాలు వేరే ఉన్నాయి. మెత్తని ఖనిజం, వెలుతురును తిప్పికొట్టే తెలుపు, ఊయిడ్లయితే పదును లేని రేణువులు. వీటి కోసం డబ్బు పెట్టడం సబబే. పీహెచ్ కోసమైతే కాదు.

సిలికా మీద పడ్డ నింద

స్విమ్మింగ్ పూల్ వడపోతలో వాడే ఇసుక, పిల్లల ఆట ఇసుక చాలావరకు క్వార్ట్జ్, అంటే సిలికా. డయాటమ్లు అనే సూక్ష్మ శైవలాలు తమ పెంకుకు సిలికాను వాడుకుంటాయి. సిలికా ఇసుక వేస్తే తొట్టి నిండా గోధుమరంగు పొర పరుచుకుంటుందన్న భయం అక్కడి నుంచే పుట్టింది.

డయాటమ్లు వాడుకోగలిగేది నీటిలో కరిగిన సిలికానే. క్వార్ట్జ్ స్ఫటికం మామూలు ఉష్ణోగ్రతలో ఎంత నెమ్మదిగా కరుగుతుందంటే, కొండలు అరిగిపోయినా అది ఇసుకగా మిగిలి నదుల వెంట సముద్రం చేరుతుంది. తొట్టిలోకి కరిగిన సిలికా ఎక్కువగా శుద్ధి చేయని కుళాయి నీటితో వస్తుంది. గోధుమరంగు పొర కొత్త తొట్టిలో మొదటి వారాల్లో ఏ ఇసుక వేసినా కనిపించేదే. అరగొనైట్ వేసినవారు దాన్ని కాలానికి వదిలేస్తారు, సిలికా వేసినవారు ఇసుకను తిడతారు.

సిలికా అసలు లోపం దాని గట్టిదనం. మోస్ కొలతలో క్వార్ట్జ్ 7, గాజు సుమారు 5.5, అరగొనైట్ 3.5 నుంచి 4. గాజు తుడిచే అయస్కాంతం అడుగు దగ్గరికి వెళ్లినప్పుడు ఒక్క క్వార్ట్జ్ పలుకు దాని కింద ఇరుక్కుంటే చాలు, జానెడు పొడవు గీత శాశ్వతంగా పడుతుంది. అరగొనైట్‌తో గాజుకు ఆ ప్రమాదం చాలా తక్కువ. యాక్రిలిక్ తొట్టికి మాత్రం రెండూ శత్రువులే. మరో జాగ్రత్త మనుషుల కోసం: పొడి సిలికా ధూళి ఊపిరితిత్తులకు హానికరం. సంచి విప్పగానే నీళ్లు చల్లి, ఆ తర్వాతే వంపుకోవాలి.

అన్ని రాపిడి ఇసుకలూ సిలికా కావన్నది మరచిపోకూడదు. తుప్పు గీకడానికి పీడనంతో కొట్టే నల్లటి పలుకుల్లో చాలావాటిని బొగ్గు లేదా రాగి కొలిమి చిట్టెం నుంచి చేస్తారు. చూడటానికి అగ్నిపర్వతపు నల్ల ఇసుకలా ఉంటాయి. వాటిలోని లోహాలు రొయ్యలకూ నత్తలకూ పగడాలకూ ప్రాణాంతకం కావచ్చు.

మూడు చిన్న పరీక్షలు

సంచి మీద ఏమి రాసి ఉన్నా, ఇసుక ఏమిటో తెలుసుకోవడానికి ఇంట్లోనే వీలుంది. మొదటిది సీసా పరీక్ష. పారదర్శకమైన సీసాలో మూడో వంతు ఇసుక వేసి, పైదాకా నీళ్లు పోసి, గట్టిగా కుదిపి పక్కన పెట్టాలి. రేణువులు క్షణాల్లో అడుగుకు చేరతాయి. వాటి మీద నెమ్మదిగా పేరుకునే సన్నటి బూడిదరంగు పొర ఒండ్రు, బంకమట్టి. మరునాటికీ పై నీళ్లు తేటపడకపోతే ఆ ఇసుకను కడగడానికి పట్టే నీళ్లు, ఓపిక లెక్కలో వేసుకోవాలి. కట్టడాల ఇసుక ఎక్కువగా ఇక్కడే తప్పుతుంది.

రెండోది వెనిగర్. చెంచాడు పొడి ఇసుక మీద కాస్త వంపితే కార్బొనేట్ ఉన్న చోట సన్నటి నురగ లేస్తుంది, చెవి దగ్గర పెట్టుకుంటే చిటపట వినిపిస్తుంది. ఉలుకూ పలుకూ లేకపోతే అది క్వార్ట్జ్ లాంటిదే. నురగ వచ్చినంత మాత్రాన అరగొనైట్ అని కాదు. సున్నపురాయి పొడీ నురగనిస్తుంది, డోలమైట్ అనే మరో కార్బొనేట్ ఖనిజం అయితే మందకొడిగా ఇస్తుంది. కోళ్ల దాణాలో కలిపే ఆలిచిప్పల గుండ, సున్నపురాయి నూక ఈ పరీక్షలో చక్కగా నెగ్గుతాయి, ధరా తక్కువే. అంచులు పదునుగా ఉంటాయి, పొడి ఎక్కువ. ఇతర పోషకాలు కలిపిన రకం కాదని చూసుకుంటే చేపలు లేని వడపోత గదికి పనికొస్తాయి. ఇసుకలో దూరే చేపలున్న తొట్టికి కావు.

మూడోది అయస్కాంతం. దాన్ని పలుచటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇసుకలో తిప్పితే ఇనుము ఉన్న నల్ల రేణువులు మీసాల్లా నిక్కబొడుచుకుని అంటుకుంటాయి. ఒకటీ అరా అయితే ఇబ్బంది లేదు. దట్టంగా అంటుకుంటే పంపుల్లోని అయస్కాంతపు రోటర్లు కూడా వాటిని అలాగే లాక్కుంటాయి.

పలుకు ఎంత, పొర ఎంత

ఖనిజం కన్నా రేణువు పరిమాణం మీద ఎక్కువ ఆలోచన పెట్టడం లాభం. పంచదార పలుకు కన్నా సన్నగా, 0.2 నుంచి 0.5 మి.మీ. ఉంటే బాక్టీరియాకు ఉపరితలం ఎక్కువ దొరుకుతుంది. పగడాలకు కావలసిన జోరు ప్రవాహంలో మాత్రం అది లేచి, మూలల్లో గుట్టలై, పగడాల మీద పడుతుంది. 2 మి.మీ. దాటిన పగడపు నూక కదలదు. సందుల్లో మేత మిగులు, మలం దిగి కుళ్లుతాయి. 0.5 నుంచి 2 మి.మీ. మధ్యది చాలామందికి సర్దుబాటు. హాలికోరెస్ జాతి రాస్ చేపలు రాత్రి ఇసుకలో దూరి నిద్రపోతాయి, వాటికి నాలుగైదు సెం.మీ. మెత్తటి పొర ఉండాలి.

లోతు గురించి అభిప్రాయాలు మారుతూ వచ్చాయి. 1980ల్లో మొనాకోలో సముద్ర జీవశాస్త్రవేత్త జాఁ జోబేర్ ఇసుక కింద ఖాళీ నీటి పొర వదిలే పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చారు. ఆ తర్వాత పది సెం.మీ. దాటిన లోతైన పొరలు వాడుకలోకి వచ్చాయి. రెండింటి ఉద్దేశం ఒకటే: పైన ఆక్సిజన్ ఉన్న భాగంలో అమ్మోనియా నైట్రేట్‌గా మారుతుంది, కింద ఆక్సిజన్ లేని భాగంలో మరో రకం బాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి బయటికి పంపుతుంది. ఈ పని క్వార్ట్జ్‌లోనూ జరుగుతుంది, అరగొనైట్‌లోనూ జరుగుతుంది. ఖర్చు కోణంలో చూస్తే లోతు రెట్టింపైతే బరువూ రెట్టింపు. నైట్రేట్‌కు ఇతర పరికరాలు వచ్చాక పలుచటి పొర వేసేవారే ఎక్కువ. ఇసుకే వేయని తొట్లూ ఉన్నాయి, పగడాలకు దానివల్ల నష్టమేమీ లేదు.

పాత ఇసుకలో ఏముంటుంది

మూసేస్తున్న తొట్టి అడుగున చెయ్యి పెట్టి పైకి తీస్తే వేళ్ల మధ్య నుంచి గోధుమరంగు మడ్డి పొగలా లేస్తుంది. గాజు పక్క నుంచి చూస్తే పైన లేత రంగు, కింద బూడిద, ఇంకా కింద నల్లటి చారలు. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్. కుళ్లిన కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది. ఆక్సిజన్ లేని చోట నైట్రేట్ కూడా అయిపోయాక బాక్టీరియా సల్ఫేట్‌ను వాడుకున్నప్పుడు అది పుడుతుంది. కదపనంత కాలం అడుగునే ఉంటుంది. కదిపినప్పుడు అదీ, దానితోపాటు ఏళ్లనాటి మడ్డీ ఒక్కసారిగా నీటిలోకి వస్తాయి. ఇసుకలోని పురుగులు, చిన్న నత్తలు చనిపోయి అమ్మోనియా తోడవుతుంది. ఇల్లు మారేటప్పుడు ఇసుకను తీసి అలాగే కొత్త చోట పోసినవారి చేపలు రెండు మూడు రోజుల్లో చనిపోవడానికి తరచూ ఇదే కారణం.

మురికి కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని సంగతి చూసుకోవచ్చు. కనిపించనిది ఫాస్ఫేట్. కార్బొనేట్ ఉపరితలం ఫాస్ఫేట్‌ను గట్టిగా ఆకర్షిస్తుంది. నీటిలో ఎక్కువైనప్పుడు పట్టుకుంటుంది, తక్కువైనప్పుడు వదులుతుంది. ఈ విషయంలో ఇసుక ఒక గిడ్డంగి. లెక్క కోసం కిలో పాత ఇసుక 10 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్‌ను వదలగలదనుకుందాం. 36 కిలోలకు 360 మిల్లీగ్రాములు. 300 లీటర్ల తొట్టిలో అదంతా బయటికొస్తే లీటరుకు 1.2 మిల్లీగ్రాములు. పగడాల తొట్లలో సాధారణంగా ఉంచాలనుకునేది 0.1 లోపు. నీరంతా మార్చినా నీటిలో ఉన్నదే పోతుంది, గిడ్డంగిలో మిగిలినది మళ్లీ వస్తుంది. పచ్చటి నాచుతో నెలల తరబడి సతమతమయ్యే 'కొత్త' తొట్లలో కొన్నింటి కథ ఇది. మల్లెపువ్వులా కడిగిన ఇసుక విషయంలో పైన పటారం లోన లొటారం అన్న మాట రసాయనికంగా కూడా సరిపోతుంది.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. క్వార్ట్జ్‌కు ఫాస్ఫేట్‌ను ఇలా దాచుకునే గుణం చాలా తక్కువ. కొన్నప్పుడు తక్కువ రకంగా కనిపించిన సిలికా, తిరిగి వాడేటప్పుడు అరగొనైట్ కన్నా తేలిగ్గా శుభ్రపడుతుంది.

రాగి విషయం ఇంకా కఠినం. చేపల పరాన్నజీవులకు రాగి మందు వాడిన తొట్టిలో కార్బొనేట్ ఇసుక, రాళ్లు ఆ రాగిని పీల్చుకుంటాయి, తర్వాత కొంచెం కొంచెంగా వదులుతాయి. చేపలు తట్టుకునే మోతాదును వెన్నెముక లేని జీవులు తట్టుకోలేవు. పాత యజమాని రాగి వాడారో లేదో చెప్పలేని ఇసుకను పగడాల తొట్టికి తెచ్చుకోకపోవడమే మేలు.

కడగడంలో ఏది దేనికి

ఇసుకనంతా ఒకేసారి కడగబోతే లోపలి మడ్డి కదలదు. బకెట్‌లో మూడో వంతు మించకుండా వేసి, నీళ్ల గొట్టాన్ని అడుగుదాకా దించి, చేత్తో కలియబెడుతూ పైనుంచి పొర్లనివ్వాలి. చివరి విడత శుద్ధి చేసిన నీటితో కడగాలి. ఇంతవరకు చేసిన పనితో వదులు మురికి, సల్ఫైడ్ పోతాయి. జీవులు చాలావరకు చనిపోతాయి కాబట్టి దీన్ని ఇక బతికున్న ఇసుకగా లెక్కించకూడదు.

మొండి సేంద్రియ పదార్థానికీ, తెగుళ్లకూ ద్రవ బ్లీచ్ కలిపిన నీటిలో ఒకటి రెండు రోజులు నానబెట్టడం వాడుకలో ఉన్న మార్గం. తర్వాత బాగా కడిగి, సోడియం థయోసల్ఫేట్‌తో మిగిలిన క్లోరిన్‌ను విరిచి, ఎండలో పలుచగా ఆరబోయాలి. తేమ ఏమాత్రం మిగలకుండా ఎండితే పరాన్నజీవుల గూళ్లు కూడా నశిస్తాయి. ఫాస్ఫేట్‌కు బ్లీచ్ మందు కాదు. దానికి పలుచటి ఆమ్లంతో పై పొరను కరిగించాలి, దానివల్ల కార్బొనేట్ ఇసుక కొంత తరుగుతుంది. లేదా విడి డబ్బాలో ఉప్పునీటిలో నానబెట్టి లాంథనమ్ క్లోరైడ్‌తో బయటికొచ్చిన ఫాస్ఫేట్‌ను అవక్షేపంగా దించాలి. బ్లీచ్‌ను, ఆమ్లాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఇసుకను మరిగించడం అంతకన్నా ప్రమాదం. పగడాలకు దగ్గరి బంధువులైన కొన్ని జోయాంథిడ్ జీవుల్లో ఉండే పాలిటాక్సిన్ అనే విషం ఆవిరితో గాలిలోకి చేరి, ఇంట్లోవాళ్లు ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి.

పని పూర్తయిందో లేదో చెప్పగలిగేది కొలత మాత్రమే. కిలో ఇసుకను నాలుగు లీటర్ల తాజా ఉప్పునీటిలో వేసి, చిన్న పంపుతో నీటిని కదుపుతూ మూడు రోజులు ఉంచి, ఫాస్ఫేట్ చూడాలి. సున్నాకు దగ్గరగా ఉంటే వాడుకోవచ్చు. లీటరుకు 0.3, 0.5 మిల్లీగ్రాములని చూపిస్తే నీరు మార్చి మళ్లీ చేయాలి. అంకె ప్రతిసారీ అక్కడికే వస్తుంటే గిడ్డంగి నిండుగా ఉందని అర్థం. ఇన్ని బకెట్ల నీళ్లు, రసాయనాలు, రోజులు పెట్టాక కొత్త చవక ఇసుక ధరతో పోల్చుకుంటే చాలా సందర్భాల్లో కొత్తదే చవక. పాతదానికి మొగ్గు ఉండేది చరిత్ర తెలిసిన సొంత తొట్టి ఇసుక విషయంలో, లేదా అరుదైన రకాన్ని వదులుకోలేనప్పుడు.

నడుస్తున్న తొట్టిలో ఇసుక మార్చాలంటే మొత్తం ఒకే రోజు తీయకుండా, నీళ్లు మార్చిన ప్రతిసారీ సైఫన్ గొట్టంతో ఒక పట్టీ చొప్పున లాగేయడం మంచిది. మిగిలిన భాగంలోని బాక్టీరియా ఈలోపు అమ్మోనియా భారాన్ని మోస్తుంది. కడిగిన కొత్త ఇసుకను నీటి పైనుంచి చల్లితే తొట్టంతా పాలనీళ్లవుతుంది. వెడల్పాటి ప్లాస్టిక్ గొట్టాన్ని అడుగుకు ఆనించి అందులోంచి జారవిడిస్తే పోసిన చోటే కుదురుకుంటుంది. పాత ఇసుకలోంచి మాత్రం పైనున్న ఒక సెంటీమీటరు మందం లేత రంగు పొరను రెండు మూడు దోసిళ్లు విడిగా తీసి, కడగకుండా, అదే తొట్టి నీటిలో తడిగా ఉంచి కొత్తదాని మీద పరుస్తారు. ఆక్సిజన్ అందిన ఆ పొరలో బాక్టీరియా, చిన్న పురుగులు బతికే ఉంటాయి, ఫాస్ఫేట్ భారం అంత కొద్ది ఇసుకలో పెద్దగా ఉండదు.